పోల్ తగ్గలేదు, బస్తాలు తగ్గాయి: ఒక చెరకు మిల్లులో డెక్స్‌ట్రాన్ కేసు

చెరకు మిల్లు ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకీ, పాన్ ఫ్లోర్‌లో, అంటే పాకం మరిగించి గింజ కట్టించే చోట, పనిచేసేవాళ్లకీ, మిల్లుకి చెరకు తోలే రైతులకీ పనికొస్తుందని ఈ కేసు మొత్తం రాస్తున్నాను. మిల్లు కోస్తా ఆంధ్రలోది, పేరు అనవసరం. రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో శుభ్రం చేసే డబుల్ సల్ఫిటేషన్ పద్ధతిలో తెల్ల పంచదార తీసే మామూలు మిల్లు, నేను అక్కడ ప్రాసెస్ కెమిస్ట్‌ని. ఇందులో మూడు ఎంజైమ్‌లు ఉన్నాయి. ఒకటి చెరకులో పుట్టుకతోనే ఉండేది, రెండోది చెరకు మీద చేరిన బ్యాక్టీరియా బయటికి వదిలి పంచదారని డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా మార్చేది, మూడోది మేం డబ్బాల్లో కొని రసంలో పోసింది. మొదటి రెండూ పంచదారని తినేశాయి, మూడోది ఆ నష్టాన్ని పూడుస్తుందని చాలామంది అనుకున్నారు. అది పూడ్చేది కాదు. అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో లెక్కతో సహా చెప్పడానికే ఈ రాత.

డిసెంబరులో తుపాను వచ్చింది. గాలికి తోటలు పడిపోయాయి, పడిన చెరకు పగిలింది, పగలని గడలకి పురుగు తొలిచిన రంధ్రాలు ఎలాగూ ఉన్నాయి. అప్పటికే నరుకుడు పర్మిట్లు ఇచ్చేశారు, ముఠాలు చాలా తోటల్లో నరికేశాయి, కానీ బురదలోకి ట్రాక్టర్లు దిగలేక నరికిన చెరకు కట్టలు కట్టలుగా గట్ల మీదే ఉండిపోయింది. అది చాలదన్నట్టు మిల్లులో బాయిలర్ ట్యూబు లీకై క్రషింగ్ ఆగింది. దాంతో ముందే యార్డుకి చేరిన బళ్లు కూడా కాటా దాటి అక్కడే నిలబడిపోయాయి. వాన వెలిశాక ఎండ కాసింది, పగలు ముప్ఫై డిగ్రీల దగ్గర వేడి, చెరకు నిండా తడి, పైన మట్టి. సూక్ష్మజీవులకి ఇంతకంటే ఏం కావాలి.

మిల్లు మళ్లీ మొదలయ్యాక మొదటి గొడవ ల్యాబులో కనిపించింది, కానీ దాన్ని ఎవరూ గొడవ అనుకోలేదు. పోల్ (రసం కాంతిని ఎంత తిప్పుతుందో పోలారిమీటర్‌తో చూసి లెక్కకట్టే పంచదార) చూడ్డానికి రసాన్ని వడకడతాం కదా, ఆ వడపోత సాగట్లేదు, ఫిల్టర్ కాగితం మీద చుక్క చుక్కగా దిగుతోంది, దిగిన ద్రవం కూడా కాస్త మసకగా ఉంటోంది. తర్వాత రసాన్ని తేర్చే క్లారిఫయర్‌లో మడ్డి కిందికి దిగడం మందగించింది. ఆ తర్వాత పాన్ ఫ్లోర్ నుంచి కబురు. మా పాన్‌మ్యాన్ చాలా ఏళ్ల అనుభవమున్న పెద్దాయన, అద్దం పలక మీద మాసిక్విట్ (గింజా పాకం కలిసిన ముద్ద) బొట్టు వేసి చూపించి, "సార్, గింజ పట్టడం పట్టింది గానీ గుండ్రంగా రావట్లేదు, పొడుగ్గా పోతోంది, పాకం కూడా బాగా చిక్కగా ఉంది" అన్నాడు. గింజని తిప్పి విడదీసే సెంట్రిఫ్యూగల్స్‌లో సీ మాసిక్విట్ (ఏ, బీ దశల తర్వాత వచ్చే చివరిది) నుంచి మొలాసిస్, అంటే గింజ తీశాక మిగిలే పాకం, విడిపోవడమే లేదు, నీళ్లు ఎక్కువ కొడితే గింజ కరుగుతోంది, తక్కువ కొడితే రంగు పోవట్లేదు. పాన్ సైకిల్ టైమ్ పెరిగింది, క్రిస్టలైజర్లు నిండిపోయాయి, చివరికి క్రషింగ్ రేటే తగ్గించాల్సొచ్చింది.

మేనేజ్‌మెంటుకి మాత్రం వేరే టెన్షన్ పట్టుకుంది. ల్యాబు రిపోర్టులో మిక్స్‌డ్ జ్యూస్ (రోలర్లన్నిటి నుంచి కలిసి వచ్చే రసం) పోల్, ప్యూరిటీ (కరిగిన ఘనపదార్థంలో పోల్ శాతం) మరీ ఘోరంగా ఏం లేవు, తుపాను తర్వాత ఈమాత్రం తగ్గడం మామూలే అన్నట్టు ఉన్నాయి, కానీ బస్తాలు మాత్రం ఆ లెక్కకి తగ్గట్టు రావట్లేదు. లోపలికి వచ్చిన పంచదార ఇంత, బయటికి వచ్చింది ఇంత, పిప్పిలో, మడ్డిలో, మొలాసిస్‌లో పోయింది ఇంత, ఇక మిగిలింది 'లెక్క తేలని నష్టం' అని రాస్తాం. ఆ గడి రోజురోజుకీ పెరిగిపోతోంది. లెక్క తేలని నష్టం పెరిగితే మిల్లులో వాతావరణం పాడవుతుంది, ఎవరిని చూసినా అనుమానమే. ఎవాపరేటర్ ఆవిరితో పాటు పంచదార కొట్టుకుపోతోందేమో అన్నారు, కండెన్సర్ నీళ్లకి ఆల్ఫా నాఫ్తాల్ పరీక్ష చేశాం, ఊదారంగు ఉంగరం రాలేదు. జ్యూస్ స్కేలు తప్పు చూపిస్తోందేమో అన్నారు, తూనిక సరిచూశాం, బాగానే ఉంది. గోడౌన్‌లో బస్తాల కాటా, అదీ బాగానే ఉంది. గోడౌన్ కూలీల మీద కూడా కొందరు అనుమానపడ్డారు, అది నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే పాన్‌మ్యాన్ చూపించిన అద్దం పలక అప్పటికే జవాబు చెబుతోంది.

మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే పంచదార గింజ ఒక దిశలోనే సాగి సూదుల్లాంటి ఆకారంలోకి పోయింది. పంచదార స్ఫటికం మామూలుగా అన్ని ముఖాల మీదా పెరుగుతుంది. రసంలో డెక్స్‌ట్రాన్ ఉంటే అది కొన్ని ముఖాలకి అంటుకుని అక్కడ పెరుగుదలని ఆపేస్తుంది, గింజ సీ అక్షం వెంబడే పొడుగు సాగుతుంది. చిక్కదనం ఒక్కటే ఉంటే పిండిపదార్థం వల్ల కూడా కావచ్చు, చెరకు రసంలో స్టార్చ్ ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. అందుకని ముందు అయోడిన్ వేసి చూశాం. నీలం లేతగా వచ్చింది, ఎప్పుడూ ఉండే స్థాయే. డెక్స్‌ట్రాన్‌కి అయోడిన్‌తో రంగు రాదు, కాబట్టి దాన్ని వేరే దారిలో పట్టుకోవాలి.

మా దగ్గర రసంలో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం లేదు, ఆంధ్రలో చాలా మిల్లుల్లో ఉండదు. ఆల్కహాల్ హేజ్ (మబ్బు) పరీక్ష చేశాం. రసంలోని స్టార్చ్‌ని ముందు ఆమైలేజ్‌తో పూర్తిగా విరగ్గొట్టాలి, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో ప్రొటీన్లని దించాలి, వడకట్టాలి, తర్వాత సమానంగా ఆల్కహాల్ కలిపితే డెక్స్‌ట్రాన్ కరగలేక మబ్బు కమ్ముతుంది, ఆ మబ్బుని 720 నానోమీటర్ల దగ్గర కొలిచి, తెలిసిన డెక్స్‌ట్రాన్ ద్రావణాలతో పోల్చాలి. ఇది పక్కాగా కచ్చితమైన పద్ధతి కాదు, చిన్న అణువులని సరిగ్గా చూపించదు, అయినా మిల్లులో నిర్ణయం తీసుకోవడానికి సరిపోతుంది. తాజా చెరకు రసానికీ యార్డులో మిగిలిపోయిన చెరకు రసానికీ పక్కపక్కన చేశాం. తాజా దాంట్లో మబ్బు దాదాపు లేదు. పాత చెరకు మిక్స్‌డ్ జ్యూస్‌లో డెక్స్‌ట్రాన్, బ్రిక్స్ (రసంలో కరిగిన ఘనపదార్థం) మీద లెక్క కడితే, వెయ్యి పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) దాటింది.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో చెప్పాలి, ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

చెరకు నరికిన క్షణం నుంచి దాని సొంత ఎంజైమ్ ఇన్వర్టేజ్ పని మొదలుపెడుతుంది. సుక్రోజ్‌లో, అంటే పంచదారలో, ఉన్న గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జంటని నీటితో విడదీయడమే దాని పని. గడ బతికి ఉండగా మొక్క తన పెరుగుదలకి దాన్ని అదుపులో వాడుకుంటుంది, నరికాక ఆ అదుపు పోతుంది. ఇది నెమ్మదిగా జరిగే నష్టం, గడ ఎండిపోయి బరువు తగ్గడంతో పాటే జరుగుతుంది.

రెండోది ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా. ఇది మట్టిలో, చెరకు తొక్క మీద ఎప్పుడూ ఉంటుంది, నరికిన కొసలోంచి, పగుళ్లలోంచి, పురుగు రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. పాశ్చర్ 1861లోనే ఈ జిగట పులియడం గురించి రాశాడు, 1878లో వాన్ టీగెమ్ దీనికి ఆ పేరు పెట్టాడు. యూరప్‌లో బీట్ మిల్లుల వాళ్లు గొట్టాల్లో చేరే ఈ ముద్దలని కప్పగుడ్లు అని పిలిచేవాళ్లు, మా మిల్లు గట్టర్లలో చేత్తో తీసి చూస్తే అచ్చం అలాగే ఉంది. ఈ బ్యాక్టీరియా డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్ అనే ఎంజైమ్‌ని తన కణం బయటికి వదులుతుంది. ఆ ఎంజైమ్ సుక్రోజ్‌ని విరిచి, విరిచినప్పుడు వచ్చిన శక్తినే వాడుకుని గ్లూకోజ్‌లని ఒకదాని వెనక ఒకటి ఆల్ఫా 1,6 బంధాలతో గొలుసుగా కడుతుంది, ఫ్రక్టోజ్‌ని వదిలేస్తుంది. వేరే శక్తి ఏమీ అక్కర్లేదు, కణం లోపలికి పోనక్కర్లేదు. గొలుసు అణుభారం లక్షలు దాటి కోట్లలోకి కూడా పోతుంది. దీనికి ఇష్టమైన ఉష్ణోగ్రత 30 డిగ్రీల దగ్గర, ఇష్టమైన పీహెచ్ 5 నుంచి 5.5. మన పచ్చి రసం పీహెచ్ కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఎంజైమ్ కణం బయట ఉంటుందన్న సంగతి చాలామంది పట్టించుకోరు. మిల్లు మీద మందు కొట్టి బ్యాక్టీరియాని చంపామని సంబరపడతాం, కానీ అప్పటికే రసంలోకి వదిలిన ఎంజైమ్ హీటర్ దాకా పని చేస్తూనే ఉంటుంది.

ఇక పోల్ సంగతి. ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. సుక్రోజ్ విశిష్ట భ్రమణం, అంటే కాంతిని తిప్పే బలం, ప్లస్ 66.5, డెక్స్‌ట్రాన్‌ది దాదాపు ప్లస్ 199, అంటే సుమారు మూడు రెట్లు. ఫ్రక్టోజ్‌ది మైనస్ 92 దగ్గర. ఒక కిలో డెక్స్‌ట్రాన్ తయారవ్వాలంటే 2.11 కిలోల సుక్రోజ్ పోవాలి, 1.11 కిలోల ఫ్రక్టోజ్ మిగలాలి. ఈ మూడింటి భ్రమణాలూ కూడి తీసేస్తే, 2.11 కిలోల పంచదార పోయిన చోట పోలారిమీటర్‌కి కనిపించే తగ్గుదల 0.66 కిలో మాత్రమే. ఇంకా దారుణం ఏంటంటే, ల్యూకోనోస్టాక్ ఆ ఫ్రక్టోజ్‌ని కూడా తీసుకుని మానిటాల్‌గా మార్చేస్తుంది, మానిటాల్‌కి భ్రమణం దాదాపు లేదు. ఫ్రక్టోజ్ అంతా అలా పోయిందనుకుంటే, 2.11 కిలోల పంచదార పోయినా పోల్ 0.88 కిలో పెరిగినట్టు చూపిస్తుంది. పంచదార పోతున్న కొద్దీ మీటరు ఎక్కువ చూపిస్తుందన్నమాట. మరోపక్క ఇన్వర్టేజ్ విరిచిన ప్రతి కిలో సుక్రోజ్‌కీ పోల్ కిలో కంటే ఎక్కువ, దాదాపు 1.3 కిలోలు, తగ్గుతుంది, ఎందుకంటే గ్లూకోజ్ ఫ్రక్టోజ్ మిశ్రమం భ్రమణం మైనస్ 20. ఒక ఎంజైమ్ నష్టాన్ని పెంచి చూపిస్తుంది, ఇంకోటి దాచేస్తుంది, రెండూ కలిసి రిపోర్టులో నమ్మదగినట్టు కనిపించే అంకె ఒకటి తయారుచేస్తాయి. మా లెక్క తేలని నష్టంలో పెద్ద వాటా ఇదే, అసలు లోపలికి రాని పంచదారని వచ్చినట్టు రాసుకున్నాం. గోడౌన్‌లో ఎవరూ ఏదీ ఎత్తుకెళ్లలేదు.

ఎంత పోతుందో ఒక అంచనా కోసం, రోజుకి 3,000 టన్నులు ఆడే మిల్లు అనుకోండి. మిక్స్‌డ్ జ్యూస్‌లో ఘనపదార్థం చెరకు మీద 14 శాతం అనుకుంటే 420 టన్నులు. అందులో వెయ్యి పీపీఎం అంటే 420 కిలోల డెక్స్‌ట్రాన్, దానికోసం పోయిన సుక్రోజ్ దాదాపు 890 కిలోలు. యాభై కిలోల బస్తాల్లో పదిహేడు, పద్దెనిమిది. ఇది నేరుగా పోయింది మాత్రమే. అసలు దెబ్బ దాని తర్వాత, ఎందుకంటే చిక్కదనం వల్ల మొలాసిస్ నుంచి విడిపోలేక అందులోనే ఉండిపోయే పంచదార దీనికంటే చాలా ఎక్కువ. ఆ మొలాసిస్ ప్యూరిటీని కూడా మళ్లీ అదే పోలారిమీటర్‌తో చూస్తాం.

కారణం తెలిశాక మిల్లు హౌస్ అంతా తిరిగి రసాల శాంపిళ్లు తీశాం. మొదటి మిల్లు (చెరకు నలిపే రోలర్ల వరుసలో మొదటిది) రసానికీ మిక్స్‌డ్ జ్యూస్‌కీ మధ్య పీహెచ్ ఎంత పడుతోందో, రెడ్యూసింగ్ షుగర్స్ (గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటివి) ఎంత పెరుగుతున్నాయో చూస్తే మిల్లు లోపల ఎంత జరుగుతోందో తెలుస్తుంది. కొంత నష్టం మిల్లులోనూ జరుగుతోంది, డీఎస్‌ఎం జల్లెడ అడుగున, గట్టర్ల మూలల్లో, వాడకుండా మూసేసిన ఒక పైపు కొసలో జిగురు ముద్దలు గట్టిగా పేరుకున్నాయి. అయితే మొదటి మిల్లు రసంలోనే హేజ్ బాగా వస్తోంది కాబట్టి పెద్ద వాటా చెరకుతోనే లోపలికి వస్తోందని తేలింది. ఈ తేడా తెలుసుకోకుండా మందు కొట్టడం, ఎంజైమ్ పోయడం శుద్ధ దండగ. చాలాచోట్ల అలాగే చేస్తారు.

రసంలో ఏ ఎంజైమ్ వేయాలని మీటింగ్ పెట్టినప్పుడు స్టోర్‌లో ఉన్న ఆమైలేజ్ డోసు పెంచుదామని ఒక మాట వచ్చింది, అదీ చిక్కదనం తగ్గించేదే కదా అని. ఎంజైమ్‌లు బంధాన్ని బట్టి పనిచేస్తాయి. ఆల్ఫా ఆమైలేజ్ స్టార్చ్‌లోని ఆల్ఫా 1,4 బంధాలని కోస్తుంది. డెక్స్‌ట్రాన్ వెన్నెముక అంతా ఆల్ఫా 1,6. రెండూ గ్లూకోజ్ గొలుసులే, రెండూ రసాన్ని చిక్కబరుస్తాయి, అయినా ఒకదాని ఎంజైమ్ రెండోదాన్ని ముట్టుకోదు. చిత్రమేంటంటే దొంగ ఎంజైమ్ డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్ వంశం ప్రకారం ఆమైలేజ్‌కి దగ్గరి చుట్టం. బెర్నార్డ్ హెన్రిస్సా 1991లో ఇలాంటి ఎంజైమ్‌లని అవి ఏ పని చేస్తాయన్నదాన్ని బట్టి కాక అమైనో ఆమ్లాల వరుసని బట్టి కుటుంబాలుగా విడగొట్టాడు, దాని మీదే ఫ్రాన్స్‌లోని మార్సేలో కాజీ (CAZy) అనే ఎంజైమ్ డేటాబేస్ నడుస్తోంది. అందులో ఆమైలేజ్‌లు జీహెచ్13 అనే కుటుంబం, డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్ జీహెచ్70, రెండూ ఒకే పెద్ద వర్గం కిందికి వస్తాయి. ఒకటి గొలుసు తెంపేది, ఇంకోటి గొలుసు కట్టేది. ఇన్వర్టేజ్ జీహెచ్32, పూర్తిగా వేరే ఇల్లు. మన పళ్ల మీద పాచిని అంటించిపెట్టే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ ఎంజైమ్‌లు కూడా జీహెచ్70వే, తీపి తిన్నాక పళ్లు జిగటగా అనిపించడం వెనక మా గట్టర్లలో జరిగిన పనే ఉంది. ఇదే డెక్స్‌ట్రాన్‌ని 1940లలో స్వీడన్‌లో ఉప్సలా శాస్త్రవేత్తలు రక్తంలో ప్లాస్మా బదులు ఎక్కించే ద్రవంగా మార్చారు, ఎంతోమంది ప్రాణాలు కాపాడింది. దాని స్థానం ఆసుపత్రి, పంచదార మిల్లు కాదు.

కావాల్సింది డెక్స్‌ట్రనేజ్. మార్కెట్లో దొరికేది ఎక్కువగా కీటోమియం అనే బూజు నుంచి తీసింది. గొలుసుని మధ్యలో ఎక్కడపడితే అక్కడ కోసి ఐసోమాల్టోజ్, ఐసోమాల్టోట్రయోజ్ లాంటి చిన్న ముక్కలు చేస్తుంది. ఆస్ట్రేలియా మిల్లులు 1970లలోనే దీన్ని వాడడం మొదలుపెట్టాయి. అమెరికా వ్యవసాయ శాఖ న్యూ ఆర్లియన్స్ పరిశోధన కేంద్రంలో గిలియన్ ఎగల్‌స్టన్ బృందం చేసిన పని మిల్లు వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. అమ్మే డబ్బాల మధ్య అసలు ఎంజైమ్ బలంలో చాలా తేడా ఉందనీ, సిరప్‌లో కంటే రసంలో వేస్తేనే గిట్టుబాటనీ, గాఢమైన సరుకుని నీటితో పలచన చేసి పోస్తే బాగా కలుస్తుందనీ వాళ్లు చూపించారు. మాకు సరుకు అమ్మడానికి వచ్చినవాళ్లు సిరప్‌లో వేయమన్నారు, అక్కడ పైపు పెట్టడం తేలిక కాబట్టి. కానీ సిరప్ బ్రిక్స్ అరవై దగ్గర ఉంటుంది, అంత చిక్కటి ద్రవంలో ఎంజైమ్ తన అణువుని వెతుక్కోవడమే కష్టం, బ్రిక్స్ ముప్ఫై దాటితేనే పని పడిపోతుంది.

రసంలో వేయాలంటే సమస్య సమయం. డెక్స్‌ట్రనేజ్‌కి 50 నుంచి 55 డిగ్రీల వేడి, 5 నుంచి 6 మధ్య పీహెచ్, కనీసం పది పదిహేను నిమిషాలు నిలకడ కావాలి. మన పద్ధతిలో తూకం అయిన చల్లటి రసం నేరుగా హీటర్‌కి పోయి 70, 75 డిగ్రీలకి ఎక్కుతుంది, అక్కడ ఎంజైమ్ మాడిపోతుంది. అందుకని ప్రైమరీ హీటర్లని రెండుగా విడగొట్టాం. మొదటి బాడీలో రసాన్ని 53 డిగ్రీల దగ్గర ఆపి, ఖాళీగా ఉన్న ఒక పాత ట్యాంకులోకి తీసుకుని, మెల్లగా కలియతిప్పుతూ నిలిపి, ఆ తర్వాత రెండో బాడీలో మామూలు వేడికి ఎక్కించాం. పచ్చి రసాన్ని అంతసేపు నిలపడం ఏంటని ఇంజినీరింగ్ వాళ్లు భయపడ్డారు, ఆ భయం న్యాయమే, ముప్ఫై అయిదు డిగ్రీల దగ్గర నిలిపితే ల్యూకోనోస్టాక్‌కి విందు పెట్టినట్టే. 53 దగ్గర అయితే ఆ బ్యాక్టీరియా పెరగలేదు, డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్ కూడా త్వరగా చచ్చిపోతుంది. ఆ ట్యాంకు వేడి రెండు వైపులా మనకే అనుకూలం, కానీ థర్మామీటర్ని నమ్మకంగా చూసే మనిషి ఉండాలి. 48కి పడితే ఎంజైమ్ నెమ్మదిస్తుంది, 65కి పోతే డబ్బు పోసింది పోసినట్టు పోతుంది. మేం ప్రతి గంటకీ ట్యాంకు లోపలికీ బయటికీ హేజ్ చూశాం, సరుకు అమ్మినవాళ్లు చెప్పిన డోసు దగ్గర మొదలుపెట్టి మా హేజ్ చూపించిన దాన్ని బట్టి సర్దుకున్నాం.

దీంతో పాటు మిల్లు హౌస్‌లో జిగురు పేరుకున్న చోట్లన్నీ తెరిచి గోకి, ప్రతి షిఫ్టుకీ ఆవిరీ వేడినీళ్లూ పట్టడం పెట్టాం. ఆ మూసిన పైపుని కోసి తీసేయించాం. బయోసైడ్‌ని (బ్యాక్టీరియాని చంపే మందుని) ఊరికే చిలకరించకుండా మొదటి మిల్లు దగ్గర తిన్నగా పడేలా చేశాం. యార్డులో నల్లబడి పులిసిన వాసన కొడుతున్న చెరకుని విడిగా పెట్టి, మంచి చెరకులో కలపకుండా ఆడాం, మధ్య మధ్య కలిపితే డోసు ఎంత వేయాలో తెలియదు. మిల్లు పక్కనే డిస్టిలరీ ఉంది కాబట్టి బీ హెవీ మొలాసిస్‌లో (రెండో దశలో వచ్చేది) కొంత అటు మళ్లించి సీ మాసిక్విట్ తగ్గించాం, పాన్ ఫ్లోర్‌కి ఊపిరి ఆడింది. ఈస్ట్ డెక్స్‌ట్రాన్‌ని తినలేదు, అక్కడ దానివల్ల స్పిరిట్ ఏమీ రాదు, కనీసం మా పాన్‌లలో తిరగడం మాత్రం ఆగుతుంది.

ఫలితం ఒక్కో చోట ఒక్కో వేగంతో వచ్చింది. క్లారిఫయర్‌లో మడ్డి దిగడం, ల్యాబు వడపోత త్వరగానే బాగుపడ్డాయి. మొదటి దశ పాన్‌లు, అంటే 'ఏ' పాన్‌లు, ఆ తర్వాత తేరుకున్నాయి. సీ వైపు మాత్రం చాలా ఆలస్యమైంది, ఎందుకంటే క్రిస్టలైజర్లలో ఉన్న పాత సరుకు, దాన్నుంచి వచ్చిన మొలాసిస్, కరిగించి వెనక్కి పంపిన పంచదార, అన్నిటిలోనూ డెక్స్‌ట్రాన్ ఉంది, అది తిరిగి తిరిగి అదే చోటికి వస్తుంది. రసంలో ఈరోజు శుభ్రం చేస్తే సీ మాసిక్విట్‌లో మర్నాడే కనిపించాలని అడిగే మేనేజర్లకి ఇది ఓపిగ్గా చెప్పాలి. గింజ పొడుగు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఐసోమాల్టోట్రయోజ్ లాంటి చిన్న ముక్కలు కూడా గింజని కొంత సాగదీస్తాయి, ఎంజైమ్‌కి సమయం చాలక సగంలో ఆగిన ముక్కలు ఇంకా ఎక్కువ చేస్తాయి. చిక్కదనం తగ్గింది కదా అని డోసు సగానికి కోస్తే గింజ మళ్లీ పొడుగవుతుంది, మాకు అది కళ్లెదుటే కనిపించింది.

రికవరీ (చెరకు బరువులో పంచదారగా దక్కే శాతం) మాత్రం ఎంజైమ్ పోసినందుకు పెరగలేదు. తాజా చెరకు రావడం మొదలయ్యాకే పెరిగింది. డెక్స్‌ట్రనేజ్ డెక్స్‌ట్రాన్‌ని ఐసోమాల్టోజ్ చేస్తుంది, సుక్రోజ్ చేయదు, ఏ ఎంజైమూ మిల్లు రసంలో ఆ పని చేయదు. పోయిన 2.11 కిలోలు పోయినట్టే. ఎంజైమ్ వల్ల దక్కింది మొలాసిస్‌లో పోకుండా ఆగిన పంచదార, పాన్ టైమ్, ఆవిరి. అదీ తక్కువేం కాదు, ఆ సమయంలో అది లేకపోతే మిల్లు ఆగిపోయేది. కానీ సీజన్ అంతా రోజూ పోద్దాం, భద్రంగా ఉంటుంది అన్న ప్రతిపాదనని నేను గట్టిగా వ్యతిరేకించాను. తాజా చెరకులో కోయడానికి డెక్స్‌ట్రాన్ ఉండదు, ఖర్చు ఉంటుంది, పైగా ఎంజైమ్ ఉందిలే అన్న ధీమాతో యార్డు నిర్లక్ష్యమవుతుంది. ఆమైలేజ్ విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది, బాగా వేడి తట్టుకునే రకం వాడితే అది పంచదార దాకా బతికి, ఆ పంచదార కొన్న ఆహార కంపెనీ సాస్‌లో, పుడ్డింగ్‌లో స్టార్చ్‌ని నీరు చేస్తుంది.

రైతుల వైపు చూస్తే ఈ కేసులో వాళ్ల తప్పు ఏమీ లేదు, కానీ నష్టపోయింది ముందు వాళ్లే. నరికిన చెరకు నిలబడిన ప్రతి రోజూ బరువు తగ్గుతుంది, డబ్బు కాటా మీద బరువుకే. ధర మిల్లు రికవరీతో ముడిపడి ఉంది, 2025-26 సీజన్‌కి కేంద్రం ప్రకటించిన ఎఫ్‌ఆర్‌పీ (మిల్లు రైతుకి ఇవ్వాల్సిన కనీస ధర) 10.25 శాతం రికవరీ దగ్గర క్వింటాలుకి 355 రూపాయలు, 9.5 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే 329.05. ఒకరి పొలంలో ఆగిన చెరకు అందరి రికవరీనీ కిందికి లాగుతుంది. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లకి ఈ సంగతి తరాలుగా తెలుసు, నరికిన గడని నిల్వ పెట్టి ఆడితే బెల్లం గట్టిపడదు, జిగటగా ఉంటుందని వాళ్లు నరికినంతే ఆడతారు. వాళ్లకి పోలారిమీటర్ లేదు, పెనం ఉంది, పెనం తప్పు చూపించదు. మన మిల్లుల్లో మాత్రం నరుకుడు పర్మిట్ ఇచ్చేది ఒక విభాగం, క్రషింగ్ చూసేది ఇంకోటి, బాయిలర్ ఆగిందన్న కబురు ఫీల్డ్‌మ్యాన్‌కి చేరేసరికి ముఠా మరో తోట నరికేసి ఉంటుంది.

అందుకని ఆ సీజన్ తర్వాత మేం పట్టుబట్టి మార్పించింది ముందుగా ఆ కబురు సంగతే. మిల్లు ఆగిన వెంటనే పర్మిట్లు ఆగాలి, కేన్ విభాగం అనుమతి కోసం ఎదురుచూడకుండా షిఫ్ట్ కెమిస్టే ఫీల్డ్‌మెన్ గ్రూపులో పెట్టేయొచ్చు. ప్రతి బండికీ నరికిన తేదీ, పూట చీటీ మీద రాయాలి, కాటా దగ్గర అది చూసి పాతది ముందు లోపలికి పోవాలి, ఎవరి బండి అని కాదు. నరికిన ఇరవై నాలుగు గంటల్లో ఆడాలన్నది లక్ష్యం, తుపాను వచ్చినప్పుడు అది కుదరదు, కుదరనప్పుడు ఎంత దాటిందో మాకు తెలియాలి. ఆ చీటీ పెట్టడానికి ఎంజైమ్ డబ్బాలో వందో వంతు కూడా ఖర్చవదు.

ల్యాబులో హేజ్ పరీక్ష ఇప్పుడు రోజువారీ పని, వాన పడ్డ వారంలో షిఫ్టుకి ఒకసారి. వెయ్యి పీపీఎం డెక్స్‌ట్రాన్ ప్యూరిటీలో దాదాపు 0.3 పాయింటు దొంగగా చూపిస్తుంది, కాబట్టి హేజ్ అంకె పక్కన పెట్టకుండా ప్యూరిటీ ఒక్కటే రిపోర్టులో రాయొద్దని చెప్పాం. డెక్స్‌ట్రనేజ్ కొద్దిగానే కొని ఉంచుతున్నాం, అదీ నీడలో, చల్లగా ఉండే గదిలో, ఎందుకంటే మన ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డులో పెడితే వచ్చే సీజన్‌కి డబ్బాలో రంగు నీళ్లే మిగులుతాయి. డబ్బా మీద రాసిన బలాన్ని నమ్మకుండా, తెలిసిన డెక్స్‌ట్రాన్ ద్రావణంలో కొంచెం వేసి 53 డిగ్రీల దగ్గర పెట్టి, పావుగంట తర్వాత ఎంత మబ్బు మిగిలిందో చూసి, ఆ అంకెని డబ్బా మీదే మార్కర్‌తో రాసిపెడుతున్నాం.